మావయ్య పిండిమిల్లు, నా హెచ్‌సీసీఐ ప్రాజెక్టు

పోస్టు పెద్దదే, తీరిక ఉన్నప్పుడు చదవండి.

పోయిన వారం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. ఎం.టెక్ థర్మల్ రెండో సంవత్సరం. "అన్నా, గైడ్ నన్ను హెచ్‌సీసీఐ ఇంజిన్ మీద ప్రాజెక్టు చెయ్యమంటున్నారు. అందరూ వద్దంటున్నారు. నువ్వు చేశావంట కదా, తీసుకోవాలా వద్దా?" అని అడిగాడు. ఒక్క ముక్కలో చెప్దామని కూర్చున్నాను, కుదరలేదు. ఆ ప్రాజెక్టు నా చేత ఏడాదిన్నర నిద్ర లేకుండా చేయించింది. అందుకే ఇక్కడ అందరికీ రాస్తున్నా. మెకానికల్ వాళ్ళు కాకపోయినా అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నిస్తా.

ముందు మా మావయ్య సంగతి చెప్పాలి. అది లేకపోతే ఇది లేదు.

మాది చింతపల్లి వైపు కొండమీద ఊరు. మా అమ్మకి తమ్ముడు, మా మావయ్య, ఊళ్ళో పిండిమిల్లు నడిపేవోడు. అప్పటికి మా ఊరికి త్రీ ఫేజు కరెంటు లేదు. ఒకే సిలిండరు డీజిల్ ఇంజిను, దానికి పెద్ద చక్రం, చక్రం మీంచి పట్టా, పట్టాకి అవతల పిండి రాళ్ళు. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళ వాళ్ళు చోళ్ళు, బియ్యం మూటలు నెత్తిన పెట్టుకుని వచ్చేవోళ్ళు. సెలవులకి హాస్టల్ నుంచి వచ్చినప్పుడల్లా నేను అక్కడే ఉండేవాణ్ణి. గింజలు పొయ్యడం, పిండి ఎత్తడం నా పని.

లంబసింగి చలి గురించి టీవీల్లో చూసే ఉంటారు. మాకు అది టూరిజం కాదు. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే ఇంజిను స్టార్ట్ అయ్యేది కాదు. మావయ్య పైనున్న లివరు ఎత్తి హ్యాండిల్ తిప్పేవోడు. లివరు ఎత్తితే వాల్వు తెరుచుకునే ఉంటుంది కాబట్టి లోపల గాలి నొక్కుకోదు, చక్రం తేలిగ్గా తిరుగుతుంది. బాగా ఊపు వచ్చాక లివరు వదిలేవోడు. వదిలితే ఒకసారి "దబ్" అని ఆగిపోయేది. మళ్ళీ తిప్పేవోడు. నాలుగుసార్లు అయ్యాక నన్ను పిలిచేవోడు. "అల్లుడూ, గుడ్డ తేరా." పాత గుడ్డకి కొంచెం కిరసనాయిలు తడిపి, కర్రకి చుట్టి, వెలిగించి, గాలి పీల్చే గొట్టం దగ్గర నేను పట్టుకోవాలి. ఆయన హ్యాండిల్ తిప్పుతుంటే ఆ వేడి గాలి లోపలికి పోయేది. లివరు వదలగానే డుగ్ డుగ్ డుగ్ అని అందుకునేది. ఇదంతా చూసి నేర్చుకుని చెయ్యకండి. గుడ్డ మంట గొట్టంలోకి లాక్కుంటే ప్రమాదం. మాకు వేరే దారి తెలీక చేసినది.

అందుకున్నాక పొగ. గరాటులోంచి గింజలు రాళ్ళ మధ్య పడేకొద్దీ ఇంజిను బరువెక్కుతుంది, గవర్నరు డీజిల్ ఎక్కువ వదుల్తుంది, గొట్టంలోంచి నల్లగా కక్కుతుంది. రేకుల షెడ్డు. గొట్టం బయటికే పెట్టినా గాలి తిరిగితే పొగంతా లోపలికే. మావయ్యకి దగ్గు ఎప్పుడు మొదలైందో నాకు గుర్తు లేదు. నాకు ఊహ తెలిసేటప్పటికే దగ్గేవోడు. పట్నంలో డాక్టరు గారు బీడీ మానెయ్యమన్నారు. ఆయన జన్మలో బీడీ ముట్టలేదు. పొగ మానెయ్యమంటే మిల్లు మానెయ్యాలి.

నేను బి.టెక్ చివరి సంవత్సరంలో ఉండగా ఒకరోజు మిల్లు దగ్గర కూర్చుని అన్నాను, "మావయ్యా, పొగ రాని ఇంజిను ఒకటుందంట. నేను చేస్తాను చూడు." ఆయన నవ్వాడు. "ఏటిరా, నిజంగానా?" అన్నాడు. నిజంగానే అన్నాను. ఆ మాట ఇచ్చినందుకే ఎం.టెక్‌లో ఈ టాపిక్ తీసుకున్నా. గైడ్ గారు వద్దన్నారు. "బయోడీజిల్ బ్లెండ్స్ చెయ్యవయ్యా, ఆరు నెలల్లో అయిపోతుంది, ఇప్ప నూనె మీద చాలా పేపర్లున్నాయి" అన్నారు. ఆయన నా మంచికే చెప్పారు. నేను వినలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఇంజిన్‌లో నిప్పు ఎప్పుడు అంటుకోవాలో ఎవరు చెప్తారు?

పెట్రోలు బండిలో స్పార్క్ ప్లగ్ చెప్తుంది. పెట్రోలు, గాలి ముందే కలిసి లోపలికి వస్తాయి, పిస్టన్ నొక్కుతుంది, సరైన సమయానికి నిప్పురవ్వ పడుతుంది. మంట ప్లగ్ దగ్గర మొదలై అంచుల దాకా పాకుతుంది. బండి జోరు పెంచాలంటే గాలి తలుపు ఎక్కువ తెరుస్తాం, గాలీ పెట్రోలూ రెండూ పెరుగుతాయి.

డీజిల్‌లో ఇంజెక్టరు చెప్తుంది. లోపల ఉత్త గాలినే బాగా నొక్కుతారు. అది మండేంత వేడెక్కుతుంది. అప్పుడు డీజిల్ చిమ్మితే అంటుకుంటుంది. ఎప్పుడు చిమ్మితే అప్పుడే. బరువు పెరిగితే ఎక్కువ చిమ్మాలి. కానీ గాలితో బాగా కలవకముందే కాలుతుంది కాబట్టి, ఇంధనం చిక్కగా ఉన్న చోట మసి పుడుతుంది. మంట బాగా వేడిగా ఉన్న చోట నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. మా మావయ్య షెడ్డులో ఉన్నది ఈ రెండూ.

హెచ్‌సీసీఐ అంటే హోమోజీనియస్ ఛార్జ్ కంప్రెషన్ ఇగ్నిషన్. పేరులోనే ఉంది. ఇంధనం గాలితో ముందే సమంగా కలిసిపోయి లోపలికి వస్తుంది, పెట్రోలు ఇంజిన్‌లో లాగ. స్పార్క్ ఉండదు. నొక్కితే వచ్చే వేడికే అంటుకుంటుంది, డీజిల్‌లో లాగ. గాలి చాలా ఎక్కువ, ఇంధనం చాలా తక్కువ. చిక్కగా ఉన్న చోటు లేదు కాబట్టి మసి దాదాపు లేదు. పలచగా ఉంది కాబట్టి మంట వేడి తక్కువ. నైట్రోజన్ ఆక్సైడ్లు సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ దాటాకే జోరుగా పుడతాయి, ఇక్కడ అంత దూరం పోదు. గాలి తలుపు మూసి గొంతు నొక్కే పని లేదు కాబట్టి డీజిల్ అంత పొదుపు కూడా. ఇదంతా చదివితే ఎవరికైనా ఆశ పుడుతుంది. నాకూ పుట్టింది.

మరి ప్రపంచమంతా ఇదే ఎందుకు లేదు? నిప్పు ఎప్పుడు అంటుకోవాలో చెప్పేవాళ్ళు ఇందులో లేరు. ప్లగ్ లేదు, సమయానికి చిమ్మే ఇంజెక్టరు లేదు. లోపలికి వచ్చిన మిశ్రమం ఎంత వేడిగా ఉంది, ఎంత నొక్కాం, ఏ ఇంధనం, ఎంత పలచన, వీటిని బట్టి రసాయన చర్య తనంతట తనే ఒక క్షణాన మొదలవుతుంది. మొదలైతే అంతటా దాదాపు ఒకేసారి అంటుకుంటుంది. మనం చెయ్యగలిగింది ముందుగా సిద్ధం చెయ్యడమే. ఆ క్షణం మన చేతిలో ఉండదు.

ఆ క్షణం ఎంత సన్ననిదో లెక్క చూడండి. ఇంజిను నిమిషానికి 1500 సార్లు తిరిగితే సెకనుకి 25 సార్లు. అంటే సెకనుకి 9000 డిగ్రీలు. పిస్టన్ పైకొచ్చి, దిగడం మొదలెట్టాక 5 నుంచి 10 డిగ్రీల మధ్య సగం ఇంధనం కాలి ఉండాలి. ఆ 5 డిగ్రీలు అర మిల్లీసెకను కంటే కొంచెం ఎక్కువ, అంతే. ముందే అంటుకుంటే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే సుత్తితో కొట్టినట్టు ఉంటుంది. ఆలస్యమైతే సగం కాలి ఆరిపోతుంది. ఈ సగం కాలిన క్షణాన్ని మేము సీఏ50 అంటాం. ఈ టాపిక్‌లో పని చేసే ప్రతి ఒక్కరూ రోజంతా చూసేది ఆ అంకెనే.

మా ల్యాబులో ఒకే సిలిండరు డీజిల్ ఇంజిను, కంప్రెషన్ రేషియో 17.5. దాదాపు మావయ్య దానికి పట్నం అన్నయ్య లాంటిది. గాలి గొట్టం మీద బైకు ఇంజెక్టరు ఒకటి బిగించాను, దాంతో ఇథనాల్ చిమ్మాలి. దానికి ముందు గాలిని వేడి చేసే కరెంటు హీటరు. ముందు డీజిల్ మీద స్టార్ట్ చేసి, ఇంజిను వేడెక్కాక ఇథనాల్ పెంచుతూ డీజిల్ తగ్గించి, చివరికి డీజిల్ పూర్తిగా ఆపాలి. అప్పుడు నడిచేది హెచ్‌సీసీఐ.

ఇథనాల్ అనగానే ల్యాబులో ఒకడు, "మీ ఊరి నుంచి ఇప్పసారా తెచ్చి పొయ్యరా, ఖర్చు తప్పుతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వినట్టు చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన పిల్లలకి ఇది కొత్త కాదు, వివరించక్కర్లేదు. దీని సంగతి మళ్ళీ చెప్తా.

మొదటి నాలుగు నెలలు ఒక్క మంచి రీడింగు లేదు. పొద్దున ఎంత హీటరు పెట్టినా ఇంజిను తప్పుతూ, ఆగిపోతూ ఉండేది. మధ్యాహ్నం అదే హీటరు, అదే ఇథనాల్, అదే అంకెలు, కానీ ఇంజిను రాళ్ళు నూరినట్టు మోత. గంట కింద తీసిన రీడింగు మళ్ళీ రాదు. హీటరు థర్మోస్టాట్ పాడైందని మార్చాను. ఇంజెక్టరు అనుమానం వచ్చి విప్పాను. ప్రెషర్ సెన్సారుని తిట్టాను. ఒకరోజు మోతని పట్టించుకోకుండా రీడింగు కోసం పది నిమిషాలు లాగాను, పిస్టన్ రింగు విరిగింది. తప్పు నాదే. ల్యాబు మూడు వారాలు ఆగింది. నా వల్ల ఇంకో ఇద్దరి పని కూడా ఆగింది. గైడ్ గారు ఏమీ అనలేదు. "ఇప్పటికైనా బ్లెండ్స్‌కి మారతావా?" అని మాత్రం అడిగారు. ఫెలోషిప్పు డబ్బులు కూడా అప్పటికి రాలేదు. మారిపోదామనే అనుకున్నాను.

సంక్రాంతికి ఊరెళ్ళాను. పొద్దున్నే మావయ్య గుడ్డ తెమ్మన్నాడు. పట్టుకున్నాను. ఆ మంట చూస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. నేను లక్షల రూపాయల ల్యాబులో చేస్తున్నది ఇదే కదా. లోపలికి పోయే గాలిని వేడి చేస్తే అంటుకోవడం ముందుకి జరుగుతుంది. మావయ్య దాన్ని ఎప్పుడో కనిపెట్టుకున్నాడు.

లెక్క కూడా ఇక్కడే చెప్తా. గాలిని 17.5 రెట్లు నొక్కితే, వేడి బయటికి పోకుండా ఉంటే, కెల్విన్‌లో దాని ఉష్ణోగ్రత దాదాపు 2.7 రెట్లవుతుంది. అంటే లోపలికి వచ్చేటప్పుడు 10 డిగ్రీల తేడా ఉంటే, పైకొచ్చేసరికి 27 డిగ్రీల తేడా. నిజం ఇంజిన్‌లో కొంత వేడి గోడల్లోకి పోతుంది. మావయ్య చేత్తో తిప్పే ఇంజిను నెమ్మదిగా తిరుగుతుంది, గోడలు చల్లగా ఉంటాయి, రింగుల పక్కనుంచి గాలి కూడా కారుతుంది. అందుకే చలికాలం అందదు. డీజిల్ కాస్త త్వరగా అంటుకునే సరుకు. ఇథనాల్ మొండిది. అందుకే ల్యాబులో గాలిని 120 నుంచి 150 డిగ్రీల దాకా వేడి చేస్తే కానీ మాట వినేది కాదు.

గుడ్డ పారేశాక మావయ్య ఇంకో మాట అన్నాడు. నేను గింజలు పొయ్యబోతుంటే ఆపి, "ఉండరా, ఒళ్ళు వెచ్చబడనీ. ఇప్పుడే బరువెయ్యకు" అన్నాడు. ఇంజిను మీద చెయ్యి పెట్టి చూసి, చాలాసేపయ్యాక "ఇప్పుడు పొయ్యి" అన్నాడు.

ఒళ్ళు వెచ్చబడటం. నేను నాలుగు నెలలు చూడనిది అదే. గాలి వేడి కొలిచాను కానీ, సిలిండరు గోడల వేడిని లెక్కలోకి తీసుకోలేదు. పొద్దున గోడలు చల్లగా ఉండి మిశ్రమం వేడిని లాగేస్తున్నాయి, నిప్పు తప్పుతోంది. నడిచేకొద్దీ గోడలు వేడెక్కుతాయి, నిప్పు కొంచెం ముందుకి జరుగుతుంది. ముందుకి జరిగితే లోపల వేడి పెరిగి గోడలు ఇంకా వేడెక్కుతాయి. దాంతో నిప్పు ఇంకా ముందుకి. ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయి చివరికి మోత. నేను ఒక్క అంకె కూడా మార్చకపోయినా ఇంజిను తనంతట తనే మారిపోతోంది. ఇది పుస్తకాల్లో ఉంది. చదివాను కూడా. నా కళ్ళ ముందు జరుగుతున్నది అదేనని పోల్చుకోలేదు.

తిరిగి వెళ్ళి, చల్లబరిచే నీటి ఉష్ణోగ్రత ఒకే చోట నిలిచేలా ఏర్పాటు చేశాను. ప్రతిరోజూ రీడింగు మొదలెట్టే ముందు గంటసేపు డీజిల్ మీద నడిపి ఒళ్ళు వెచ్చబడనిచ్చాను. ఆ తర్వాత హీటరుని ఒకే అంకె మీద కట్టెయ్యకుండా, సీఏ50 చూస్తూ అది ముందుకి జరిగితే గాలి వేడి తగ్గిస్తూ, వెనక్కి పోతే పెంచుతూ వచ్చాను. మూడో రోజున, ఐదు గంటల తేడాతో ఒకే రీడింగు రెండుసార్లు వచ్చింది. గొట్టం చివర తెల్లగుడ్డ పట్టి చూశాను. గుడ్డ తెల్లగానే ఉంది. ఆ గుడ్డ ఇప్పటికీ నా దగ్గరుంది.

నిప్పు సమయాన్ని మార్చడానికి గాలి వేడి ఒక్కటే దారి కాదు తమ్ముడూ. అది అన్నిటికన్నా నెమ్మదిది. హీటరు వేడెక్కడానికి సెకన్లు, నిమిషాలు పడుతుంది, ఇంజిను సెకనుకి పన్నెండు సార్లు పేలుతుంది. వేరే దారులు ఇవి. కంప్రెషన్ మార్చడం: 1950ల నాటికి జర్మనీలో లోమన్ అనే సైకిలు ఇంజిను ఉండేది, 18 సీసీ, ప్లగ్ లేదు, తొక్కేవాడు చేతిపిడి తిప్పి కంప్రెషన్ మార్చుకోవాలి. రెండోది, పొగని మళ్ళీ లోపలికి పంపడం. ఇందులో తికమక ఉంది. వేడి పొగ మిశ్రమాన్ని వేడి చేసి నిప్పుని ముందుకి తెస్తుంది, చల్లార్చి పంపితే అందులోని కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి వేడిని మింగి వెనక్కి నెడతాయి. మూడోది, ఎగ్జాస్ట్ వాల్వుని ముందే మూసి కొంత వేడి పొగని సిలిండరులోనే ఆపుకోవడం. ఇది త్వరగా పని చేస్తుంది, కానీ ఈ పేలుడు వేడి తర్వాతి పేలుడు మీద పడుతుంది కాబట్టి కట్టుతప్పితే ఊగిపోతుంది. నాలుగోది రెండు ఇంధనాలు, త్వరగా అంటుకునేది ఒకటి, మొండిది ఒకటి, పాళ్ళు మార్చుకుంటూ పోవడం. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రైట్జ్ బృందం ఈ దారిలో చాలా పని చేసింది, దాన్ని ఆర్‌సీసీఐ అంటారు.

ఇక ఇప్పసారా సంగతి. ఆ జోకు నన్ను వదల్లేదు కాబట్టి నిజంగానే వెతికాను. మామూలుగా ఇంజిన్లకి వాడే ఇథనాల్‌లో నీళ్ళు ఉండకూడదు. ఆ ఆఖరి నీళ్ళు తియ్యడానికే చాలా శక్తి ఖర్చవుతుంది. హెచ్‌సీసీఐకి స్పార్క్‌తో పని లేదు, మంట పాకే పని లేదు కాబట్టి నీళ్ళు ఉన్నా సర్దుకుంటుంది, గాలిని కొంచెం ఎక్కువ వేడి చెయ్యాలి, అంతే. కాలిఫోర్నియాలో 2009లో అచ్చయిన ప్రయోగాల్లో 40 శాతం దాకా నీళ్ళు కలిసిన ఇథనాల్‌తో ఇంజిను నిలకడగా నడిచింది. ఈ పేపరు ల్యాబు సెమినార్‌లో నేను చెప్పాను. "మా ఊరి సరుకు పనికొచ్చే ఇంజిను ఇదొక్కటే" అన్నాను. ఈసారి నేను కూడా నిజంగానే నవ్వాను. జోకేసినవాడు తర్వాత నాకు మంచి ఫ్రెండయ్యాడు, రాత్రిళ్ళు రీడింగులకి తోడున్నాడు.

ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ మావయ్యకి ఇచ్చిన మాట ఉంది కదా. ఆయన మిల్లుకి కావలసింది రీడింగు కాదు, బరువు లాగడం. నిప్పు సమయం పట్టు దొరికాక లోడ్ టెస్టులు మొదలెట్టాను. అసలు కష్టం అక్కడ మొదలైంది.

లోడు పెంచాలంటే ఇథనాల్ పెంచాలి. డీజిల్ ఇంజిన్‌లో ఎక్కువ చిమ్మితే ఎక్కువసేపు కాలుతుంది. ఇక్కడ అన్నీ ఒకేసారి కాలతాయి కాబట్టి ఎక్కువసేపు కాలదు, ఎక్కువ గట్టిగా పేలుతుంది. మంచి హెచ్‌సీసీఐలో మొత్తం మంట ఒక మిల్లీసెకనులో అయిపోతుంది. ఒక్కో డిగ్రీకి పీడనం 10 బార్లు దాటి పెరుగుతుంటే ఇంజిను గంటలా మోగుతుంది. ఎక్కువ ఇంధనంతో లోపల వేడెక్కి నిప్పు ముందుకి కూడా జరుగుతుంది, అంటే రెండు వైపులా దెబ్బ. లోడు తగ్గిస్తే దీనికి తిరగబడుతుంది. మిశ్రమం మరీ పలచనై వేడి చాలదు. సుమారు 1200 డిగ్రీల సెల్సియస్‌కైనా చేరకపోతే కార్బన్ మోనాక్సైడు పూర్తిగా కాలదు. పొగ కనపడదు కానీ విషం బయటికి వస్తుంది. మసి లేదు కదా అని మురిసిపోయిన నేను ఆ మీటరు చూసి భయపడ్డాను. మూసిన షెడ్డులో అది మసి కన్నా ప్రమాదం.

5.2 కిలోవాట్లకి తయారైన ఇంజిను నా చేతిలో సుమారు 1 నుంచి 2.2 కిలోవాట్ల మధ్య మాత్రమే బుద్ధిగా నడిచింది. పైకి పోతే మోత, కిందికి పోతే తప్పడం. నిప్పుని కొంచెం ఆలస్యం చేస్తే మోత తగ్గి ఇంకొంచెం పైకి పోవచ్చు. కానీ ఆలస్యం ఎక్కువైతే ఒక పేలుడు సరిగ్గా, ఒకటి తప్పుగా, ఇంజిను తూలిపోతుంది.

పిండిమిల్లులో ఏం జరుగుతుందో మీకు తెలుసు. గింజలు పడితే బరువు, గరాటు ఖాళీ అయితే తేలిక, రాళ్ళ మధ్య తడి చోళ్ళు ఇరుక్కుంటే ఒక్కసారిగా రెట్టింపు బరువు. గవర్నరు క్షణంలో అందుకోవాలి. నా ఇంజినుకి అది ప్రాణాంతకం. నేను చేసినది మావయ్య మిల్లుకి పనికిరాదు.

అది నేనే ఆయనకి చెప్పాలి. వేసవిలో వెళ్ళాను. మిల్లు కట్టేశాక సాయంత్రం చెప్పాను. "మావయ్యా, పొగ రాకుండా నడిచింది. కానీ నీ మిల్లు నడపలేదు. బరువు ఒక్కసారి పెరిగితే పగిలిపోయేలా మోగుతుంది, తగ్గితే ఆగిపోతుంది." ఆయన కాసేపు దగ్గి, తర్వాత అడిగాడు, "మధ్యలో బాగుంటదా?" బాగుంటది అన్నాను. "ఎన్ని గంటలైనా?" ఎన్ని గంటలైనా అన్నాను. "అయితే దాన్ని ఒకే బరువు మీద ఉంచి పని సేయించుకోవాలి గాని, మిల్లుకెందుకు కడతావు? నేను గరాటు సగమే తెరుస్తాను, ఎందుకనుకున్నావు? ఇంజిను ఒకే ఊపిరి మీద పోతేనే ఎక్కువకాలం బతుకుతాది" అన్నాడు.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు సూటిగా అడిగారు, "సగం లోడు కూడా లాగని ఇంజిను వల్ల ఉపయోగం ఏంటి?" నేను మావయ్య మాటే నా భాషలో చెప్పాను. బరువుని నేరుగా ఇంజినుకి కట్టకూడదు. ఒకే లోడు మీద జనరేటరు తిప్పించి, బ్యాటరీ నింపించాలి. ఎక్కువ తక్కువలు బ్యాటరీ, మోటారు చూసుకుంటాయి. ఇంజిను తన బాగున్న చోటే ఉంటుంది, గాలిని వేడి చెయ్యడానికి కరెంటు హీటరు బదులు దాని పొగ వేడినే వాడుకోవచ్చు. మిగిలిన కార్బన్ మోనాక్సైడుకి గొట్టంలో క్యాటలిస్టు పెట్టాలి, అయితే పొగ చల్లగా ఉంటే క్యాటలిస్టు సరిగా పని చెయ్యదు, అది ఇంకా తేలని లెక్క అని కూడా ఒప్పుకున్నాను. ఆయన తల ఊపారు. పాసయ్యాను. ఆ మాట ఎవరిదో ఆ రోజు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు చెప్తున్నా.

పెద్ద కంపెనీలు, ప్రయోగశాలలు కూడా ఇదే గోడకి తగిలాయి, ఎవరి దారి వాళ్ళు వెతుక్కున్నారు. జపాన్‌లో ఒనిషి బృందం 1979లో టూ స్ట్రోక్ ఇంజిన్‌లో దీన్ని చూపించింది. 1983లో నాజ్ట్, ఫోస్టర్ ఫోర్ స్ట్రోక్‌లో చేశారు. హెచ్‌సీసీఐ అనే పేరు 1989లో థ్రింగ్ పెట్టింది. 1995లో హోండా ఇలాంటి పద్ధతితో 400 సీసీ టూ స్ట్రోక్ బైకుని గ్రెనడా–డకార్ ర్యాలీలో పరుగెత్తించింది, అందులో కూడా ఈ రకం మంట తక్కువ, మధ్య లోడులకే. సాండియా ప్రయోగశాలలో జాన్ డెక్ బృందం గాలిని ఒత్తిడితో నింపి, నిప్పుని ఆలస్యం చేసి, లోడుని చాలా పైకి తీసుకెళ్ళింది. సిలిండరు లోపల అంతా ఒకే వేడి ఉండదని, గోడల దగ్గర చల్లటి భాగం కొంచెం ఆలస్యంగా అంటుకుంటుంది కాబట్టే ఇంజిను బతుకుతోందని తేల్చింది కూడా వాళ్ళే. మాజ్దా 2019లో స్కైయాక్టివ్-ఎక్స్ ఇంజిను అమ్మకానికి తెచ్చింది. వాళ్ళు స్పార్క్ ప్లగ్ తీసెయ్యలేదు. ప్లగ్ దగ్గర చిన్న మంట పుట్టిస్తే, అది ఉబ్బి మిగతా పలచని మిశ్రమాన్ని ఇంకొంచెం నొక్కుతుంది, ఆ నొక్కుడుకి మిగతాది తనంతట అంటుకుంటుంది. అంటే అంచు దాకా తీసుకెళ్ళి, చివరి చిన్న తోపు మాత్రం తమ చేతిలో పెట్టుకున్నారు. మన దేశంలో ఐఐటీ కాన్పూర్ ఇంజిన్ ల్యాబులో ఇథనాల్, డీజిల్ హెచ్‌సీసీఐ మీద చాలా పని జరిగింది. తమ్ముడూ, చదవడం అక్కడి పేపర్లతో మొదలెట్టు, మన ఇంజిన్లలాంటి వాటి మీదే చేశారు కాబట్టి త్వరగా అర్థమవుతాయి.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. మీ ల్యాబులో సిలిండరు ప్రెషర్ సెన్సారు పని చేస్తోందా? గాలి వేడినీ, నీటి వేడినీ విడివిడిగా పట్టి ఉంచగలవా? ఈ రెండూ ఉంటే తీసుకో. లేకపోతే వద్దు, ఎంత తెలివి ఉన్నా అంధకారంలో తడుముకున్నట్టే. తీసుకుంటే మొదటి నెల రీడింగుల గురించి ఆలోచించకు. ఒకే రీడింగు రెండు వేరు వేరు రోజుల్లో మళ్ళీ వస్తుందా అన్నది మాత్రమే చూడు. మోత వినపడితే వెంటనే ఇంధనం కట్ చెయ్యి, నాలాగ రింగు విరగ్గొట్టుకోకు. కార్బన్ మోనాక్సైడు మీటరు లేకుండా మూసిన గదిలో నడపకు. అర్థం కాకపోతే అర్థం కాలేదని గైడ్‌కి మొదటి వారమే చెప్పు. మనవాళ్ళం చాలామంది "వీడికి రాదు" అనుకుంటారేమోనని నోరు మూసుకుంటాం. నేను నాలుగు నెలలు అలాగే పోగొట్టుకున్నా.

మా ఊరికి తర్వాత త్రీ ఫేజు లైను వచ్చింది. మావయ్య మోటారు పెట్టుకున్నాడు. పొగ లేదు. పొగ లేని మిల్లు ఇస్తానన్నది నేను, ఇచ్చింది కరెంటు స్తంభం. దగ్గు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు, ఇక పోదని డాక్టరు గారు చెప్పారు. పాత ఇంజిను షెడ్డులోనే గోనెసంచి కప్పుకుని ఉంది. వానాకాలం కరెంటు రెండు మూడు రోజులు పోతే మావయ్య దాని మీది సంచి తీస్తాడు. పోయిన చలికాలం నేను ఊళ్ళో ఉండగా అలాగే పోయింది. లివరు ఎత్తి, హ్యాండిల్ పట్టుకుని, "అల్లుడూ, గుడ్డ" అన్నాడు. ఈసారి గుడ్డ వెలిగించనివ్వలేదు. పొయ్యి మీద నీళ్ళు మరగబెట్టి తెచ్చి ఇంజిను నీళ్ళ తొట్టిలో నెమ్మదిగా పోశాను, కాసేపు ఆగమన్నాను. ఒళ్ళు వెచ్చబడ్డాక తిప్పితే రెండోసారికే అందుకుంది. "ఇది ముందే సెప్పొచ్చు కదేటి, ఇన్నేళ్ళు గుడ్డలు తగలేశాను" అన్నాడు.

తమ్ముడూ, మీ ల్యాబులో ఏమేం ఉన్నాయో రాసి పంపు. మిగతాది కలిసి చూద్దాం. జోహార్.